వలిసె పూలమ్మే గుంట

"మాస్టారు పోయారంట" అని ఫోను వచ్చేసరికి నేను కాఫీ గింజల బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఉన్నాను. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "అయ్యో" కాదు. "ఎవరు చెప్పారు? నువ్వు చూశావా?" అన్నాను. అవతల ఉన్నది నాతో హాస్టల్లో చదువుకున్న మనిషి. "సూడకుండా సెప్తానేటే! ఆల్ల గుమ్మంలోనే ఉన్నాను. అమ్మగారు అరుగు మీద కూకున్నారు" అంది. అప్పుడు నమ్మాను. బస్తాలోంచి చెయ్యి తీసి, పక్కనున్న ఖాళీ సంచుల మీద కూలబడ్డాను.

నేను అలా అడిగానని తెలిస్తే మాస్టారు సంతోషించేవారు. ఎవరో చెప్పిన మాట పట్టుకుని ఏడవడం ఆయనకు అసలు గిట్టదు. ఒకసారి కంటి ఆపరేషన్‌కి విశాఖపట్నం వెళ్ళి రావడం ఆలస్యమైతే, పోయారని అరకులో పుకారు పుట్టింది. శుక్రవారం సంతలో కొందరు కళ్ళు తుడుచుకున్నారు కూడా. ఆ తరవాతి సంతకి ఆయన నల్లకళ్ళద్దాలు పెట్టుకుని దిగి, ఏడ్చినవాళ్ళ దగ్గరికల్లా వెళ్ళి, "నా శవాన్ని చూశావా? లేదు కదా? మరెందుకు ఏడ్చావు?" అని నిలదీశారు. ఏడ్చినందుకు తిట్లు తిన్న జనం మా ఊళ్ళో తప్ప ఇంకెక్కడా ఉండరనుకుంటాను.

ఆయన మా ఆశ్రమ పాఠశాలలో డ్రాయింగ్ మాస్టారు. విజయనగరం వైపు మనిషి. ఉద్యోగానికని కొండెక్కి, రిటైరయ్యాక కూడా దిగకుండా ఇక్కడే ఉండిపోయారు. పొట్టిగా, చామనఛాయగా ఉండేవారు. చేతిలో ఎప్పుడూ మడిచిన నల్ల గొడుగు. ఎండకి దాన్ని విప్పేవారు కాదు, గుడ్డ వెలిసిపోతుందని. వాన పడితే తప్ప ఆ గొడుగు తెరుచుకోవడం మేం చూడలేదు. క్లాసుకొస్తే దాన్ని బల్ల అంచుకి తగిలించి, బల్ల మీద రంగుల పెట్టె పెట్టుకుని పాఠం మొదలుపెట్టేవారు.

అలాంటి అనుమానపు మనిషిని నేను మళ్ళీ చూడలేదు, అద్దంలో తప్ప. పాలు పోయించుకుంటే ఒక చుక్క బొటనవేలి గోరు మీద వేసుకుని అది జారుతుందా నిలుస్తుందా అని చూసేవారు. స్టేషన్‌కి వెళ్తే కిరండూల్ పాసింజర్ ఎప్పుడొస్తుందని స్టేషన్ మాస్టర్నీ, టీ అమ్మేవాణ్ణీ, చీపుర్ల మోపు మీద కూర్చున్న ముసలమ్మనీ అడిగి, చివరికి ముసలమ్మ చెప్పిందే ఖాయం చేసుకునేవారు. ఎందుకంటే రైలు రాకపోతే నష్టపోయేది ఆవిడ కదా అనేవారు. ఇక పూలు కొనడమైతే ఒక తిరనాళ్ళు. సంతలో పూలావిడ మోచేతి నుంచి వేలి కొస దాకా దండ సాగదీసి మూర కొలిస్తే, ఈయన తన చెయ్యి చాపి మళ్ళీ కొలిచేవారు. "నా మూర వేరు, నీ మూర వేరు మాస్టారూ, నా సెయ్యి పొట్టిదైతే నన్నేటి సెయ్యమంటారు!" అని ఆవిడ మొత్తుకునేది. "చెయ్యి పొట్టిది కాదమ్మా, మణికట్టు వంచుతున్నావు" అనేవారు ఈయన. ఇద్దరూ ప్రతి శుక్రవారం ఇదే గొడవ పడేవారు. ఆవిడ ఒక వారం రాకపోతే ఆ వారం అమ్మగారికి, అంటే మాస్టారి భార్యకి, పూలే లేవు. ఇంకొకరి దగ్గర కొననిచ్చేవారు కాదు.

"రెండోసారి చూడు." ఇదే ఆయన చదువంతా. చెట్టు గీసి చూపిస్తే రెండోసారి చూడు అనేవారు. "మొదటిసారి చూసింది నువ్వు కాదు, నీకు ఎవరో చెప్పిన చెట్టు. రెండోసారి చూస్తే నీ చెట్టు కనబడుతుంది." ఇప్పుడు నేను కాఫీ కొనే చోట తూకం దగ్గర పని చేస్తున్నాను. బస్తా పైన గింజలు చూసి వదలను, అడుగు నుంచి తీసి కొరికి చూస్తాను. తెచ్చేదంతా మావాళ్ళే, వరసైనవాళ్ళే. "మామీద నమ్మకం లేదేటే నీకు?" అని ఉడుక్కుంటారు. "రెండోసారి సూత్తన్నాను మావా, కోపమెందుకు?" అంటాను. అలా అన్నప్పుడల్లా ఆయన గుర్తొస్తారు. గుర్తొచ్చి, వెంటనే కోపం వస్తుంది. ఆ కోపం సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు ఆయన క్లాసుకి ఒక కాగితం తెచ్చి గోడకి అంటించారు. ఏదో పాత క్యాలెండర్లోంచి చింపిన బొమ్మ. దగ్గరికెళ్తే చుక్కలూ మరకలూ తప్ప ఏమీ లేదు. ఫ్రాన్సులో కొందరు ఇలా వేసేవారనీ, వాళ్ళు వస్తువుని కాదు, వస్తువు మీద పడ్డ వెలుతుర్ని వేసేవారనీ చెప్పి, "అందరూ వరండాలోకి నడవండి. అక్కణ్ణుంచి కళ్ళు సగం మూసి చూడండి" అన్నారు. వెళ్ళి చూశాం. మరకలన్నీ కూడుకుని వీధయింది, గొడుగులయ్యాయి, జనమయ్యారు. అటువైపు వస్తున్న హెడ్మాస్టరు, ఆడపిల్లలందరూ వరసగా నిలబడి తనకేసి కళ్ళు చికిలించి చూస్తున్నారని, వెక్కిరిస్తున్నామేమోనని అనుమానపడి మమ్మల్ని ఎండలో నిలబెట్టారు. మాస్టారు కూడా వచ్చి మా పక్కనే ఎండలో నిలబడ్డారు, గొడుగు మడిచి పట్టుకునే. ఆరోజు ఆయన్ని పక్కన చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ చలికాలం చివర్లోనే ఆయన విశాఖపట్నం నుంచి కొత్త రంగు ట్యూబులు తెచ్చుకున్నారు. మాకు కాదు, తనకి. అందులో పసుపు ట్యూబు ఒక్కటీ చాలా ఖరీదైనదట. మూత తీసి చూపించి, "ఆవగింజంత చాలు, అరకంతా పూయించవచ్చు" అన్నారు. ఆయన దేన్నైనా పొదుపుగానే వాడేవారు. రంగుని నూనెలో ఎంత పల్చన చేసేవారంటే, బొమ్మ ఎండాక కింద గుడ్డ నేత కనబడేది.

ఆదివారం నేను ఇంటికెళ్ళాను. అది పసుపు తవ్వే కాలం. మా అమ్మా నేనూ కొమ్ములు ఉడకబెట్టి ఆరబోసి, అంతకుముందు ఆరినవాటి తొక్కు రుద్దాం. మా కొండల్లో ఆ పని చేసిన వాళ్ళ చేతులు వారాల తరబడి అలాగే ఉంటాయి, ఏ సబ్బూ పనిచెయ్యదు. సోమవారం క్లాసులో మాస్టారు పెట్టె తెరిచారు. ఒక్కొక్క ట్యూబూ తీసి పక్కన పెట్టారు. మళ్ళీ పెట్టెలో సర్దారు. పసుపు ట్యూబు లేదు. తలెత్తి, "చేతులు చూపించండి" అన్నారు. అందరం చాపాం. ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగిపోయారు.

"ఏమిటిది?"

"పసుపండీ మాస్టారూ. ఇంటికాడ పసుపు ఉడకేసినాం."

ఆయన వంగి నా వేళ్ళు వాసన చూశారు. నిజంగా చూశారు, సంతలో వెన్న వాసన చూసినట్టు. తరవాత "ఊఁ" అన్నారు. అంతే. తీశావనలేదు, తియ్యలేదనలేదు. ఆ "ఊఁ" మాత్రం హాస్టల్ దాకా నా వెనకే వచ్చింది. మర్నాటి నుంచి రంగుల పెట్టెకి తాళం పడింది. ఆడపిల్లలు నాకు "ట్యూబు" అని పేరు పెట్టారు. ఎవరి సబ్బు పోయినా, ఎవరి రిబ్బను పోయినా కళ్ళన్నీ నా పెట్టె మీదికే. నేను ఆ ట్యూబుని ముట్టుకోను కూడా లేదు. ఇన్నేళ్ళ తరవాత ఇక్కడ అబద్ధమాడి నాకొచ్చేదేమీ లేదు.

వేసవి సెలవులకి మాస్టారు అత్తవారి ఊరని విశాఖపట్నం వెళ్ళి, అక్కడి పూల మార్కెట్ వీధి గీతలు గీసుకొచ్చారు. వానలు మొదలయ్యాక దాన్ని ఇంట్లో పెద్ద గుడ్డ మీద వేస్తున్నారని తెలిసింది. ఒక శుక్రవారం, సంతలో నూనె అమ్ముతున్న మా అమ్మ దగ్గరికొచ్చి, మా చేలో పండే వలిసె గింజల నూనె కావాలన్నారు. రంగుల్లో కలిపే అవిసె నూనె సీసా అయిపోయిందట, కొండ కిందికి వెళ్ళి తెచ్చే తీరిక లేదట.

"బొమ్మకి నూనేటి బాబూ, తాలింపు పెడతారేటి?" అంది మా అమ్మ.

ఆయన నవ్వలేదు. సీసా పట్టుకుని నిలబడ్డారు. మా అమ్మ నూనె పోస్తూ పోస్తూ, "మా గుంట ఆ టూబు తియ్యలేదు బాబూ" అంది.

"తీసిందని నేనన్నానా?"

"అన్లేదు. అనీసినా బాగుణ్ణు."

అప్పుడాయన మొహం తిప్పుకుని, సీసాకి మూత కూడా సరిగ్గా పెట్టకుండా జనంలో కలిసిపోయారట. "ఆ మనిసి నా మొకం సూడ్లేదే. ఏటో దాత్తన్నాడు" అంది మా అమ్మ ఆ రాత్రి అన్నం పెడుతూ. మా అమ్మకి చదువు లేదు గానీ అనుమానం మాత్రం మాస్టారి కంటే ఒక పిసరు ఎక్కువే. నాకూ అదే అనిపించింది. దాచేదేముంది, నేను దొంగనని ఆయన మనసులో ఉన్నమాట తప్ప.

దసరా తరవాత బొమ్మ పూర్తయిందని, ఆయన ముందుగదిలో గోడకి తగిలించారని ఊరంతా చెప్పుకుంది. చూడడానికి వెళ్ళినవాళ్ళు వచ్చి గుసగుసలు పెట్టారు. విషయమేమిటంటే, వీధి విశాఖపట్నానిదే గానీ, అందులో జనం అరకువాళ్ళు. మొహాలు లేవు, మరకలే. కానీ నిలబడే తీరు బట్టి, చొక్కా రంగు బట్టి ఇట్టే తెలిసిపోతుంది. ఒక్కొక్కరి చేతికీ ఒక్కొక్క పువ్విచ్చారు. అక్కడ మొదలైంది గొడవ.

కిరాణా కొట్టు సావుకారు, నడుం మీద చెయ్యి వేసుకుని, కనకాంబరాలు పట్టుకుని ఉన్నాడు. "కనకాంబరం చూపుకే గానీ వాసనుండదు. అంటే నేను పైకి షోకే గానీ లోపల సరుకు లేదనా?" అని కొట్టుకొచ్చిన ప్రతివాణ్ణీ అడిగి, మాస్టారు కనబడితే మొహం తిప్పేసుకున్నాడు. హెడ్మాస్టరు గారికి బంతి దండ. "బంతి పెళ్ళికీ వెళ్తుంది, పాడె మీదికీ వెళ్తుంది. నన్నేమంటున్నాడీయన?" అని స్టాఫ్ రూములో చిందులు తొక్కారట. అమ్మగారి చేతికి, ఎవరో పూలావిడ అమ్ముతున్న మల్లెపూలు. "సాయంత్రానికి వాడిపోతాననేటి? ఆ మల్లిపూలమ్మేదెవర్తి, అంత అందంగా ఏసేరు?" అని ఆవిడ రెండు పూటలు పొయ్యి వెలిగించలేదని పనిమనిషి చెప్పింది.

ఎవరడిగినా మాస్టారిది ఒకటే మాట: "రెండోసారి చూడండి." చూశారు. సావుకారు ఓ నెల పోయాక చూశాడు. "కనకాంబరం కోసినా రోజుల తరబడి వాడదండి. ఈ కొండ మీద ఎంతమంది వ్యాపారానికి వచ్చి వెళ్ళిపోయారు? నిలబడ్డది మీరే కదా" అన్నారట మాస్టారు. ఇక చూసుకోండి, సావుకారు కొత్తవాళ్ళెవరొచ్చినా ఆ బొమ్మ చూడమని పంపేవాడు. హెడ్మాస్టరుతో, "పెళ్ళయినా చావైనా ఈ కొండల్లో ఎవరింటికైనా నడిచెళ్ళేది మీరొక్కరే" అన్నారు. అమ్మగారితో ఏమన్నారో ఆవిడ చాలా ఏళ్ళ దాకా చెప్పలేదు. "సీకట్లో కూడా నువ్వెక్కడున్నావో తెలుస్తాదన్నారే" అని ఈమధ్యే చెప్పింది, మొహం పక్కకి పెట్టుకుని.

నన్ను ఆయన ప్రత్యేకంగా రమ్మని కబురు పెట్టారు. కార్తీకమాసం. లోయంతా వలిసె పూసి, కొండ వాలులన్నీ పసుపుపచ్చగా మెరిసిపోతున్న రోజులు. వెళ్ళకూడదనుకున్నాను, వెళ్ళాను. గుమ్మంలోంచే చూశాను. వీధి, గొడుగులు, సావుకారు, హెడ్మాస్టరు, మల్లెపూల దగ్గర అమ్మగారు. కుడివైపు కింద మూలన, రెండు జడలకి నీలం రిబ్బన్లు కట్టుకున్న పిల్ల. మా స్కూలు రిబ్బన్లు. ముందు ఒక బుట్ట, బుట్ట నిండా పసుపు. బొమ్మంతా ఉతికిన చీరలా పల్చగా ఉంటే ఆ బుట్ట ఒక్కటీ గడ్డకట్టినట్టు పైకి లేచి ఉంది. ఎక్కడ నిలబడ్డా ముందు దాని మీదికే కన్ను పోతుంది.

"ఇది నేనేనా మాస్టారూ?"

"ఏమనుకుంటున్నావు?"

"ఇయి వలిసె పూలు కదా. వలిసె పూలు ఎవరైనా అమ్ముతారేటి? పెట్టుకోరు, దండ కట్టరు. మల్లెలున్నాయంటే వేసవి. వేసవిలో వలిసెలెక్కడివి?"

"అమ్మరు. వేసవిలో ఉండవు. నిజమే."

"మరి నాకెందుకు ఇచ్చారు?"

ఆయన కిటికీకేసి చూశారు. "రెండోసారి చూడు" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. రెండోసారి చూడడానికేముంది! పసుపు దొంగ ఇదిగో అని, ఊరంతా వచ్చి చూసే గోడ మీద, అందరికంటే ముందు కనబడేలా పెట్టారు. ఈ వీధిలో నీకు చోటులేదు, నీ పువ్వు ఎవరూ కొనరు అని కూడా. అంత కోపంలో ఏం చేస్తున్నానో తెలియకుండా ఆ బుట్టలోకి వేలు పొడిచాను. మెత్తగా దిగిపోయింది. నెలలైనా అది ఎండలేదు, మా అమ్మ వలిసె నూనె మా అరకు చలికి ఎక్కడ ఎండుతుంది! వేలు పైకి తీస్తే కొస నుంచి గోరు దాకా పసుపు. ఇంకేం, రుజువు దొరికినట్టే. చెయ్యి వెనక్కి దాచుకున్నాను.

ఆయన చూశారు. అరవలేదు. కిరసనాయిల్లో గుడ్డ ముంచి తెచ్చి, నా చెయ్యి తీసుకుని, ఆ వేలు తనే తుడిచారు. గోటి పక్కనున్నది కూడా వదలకుండా తుడిచారు. "ఇంకా తడుంది" అన్నారు, అంతే. అమ్మగారు వంటింట్లోంచి కాఫీ తెచ్చేసరికి నేను గేటు దాటేశాను.

అది జరిగి ముప్ఫై ఏళ్ళకి దగ్గర పడుతోంది. నేను పది పాసయ్యాను, ఇంటర్ చదివాను, ఉద్యోగం వచ్చింది. ఉద్యోగం ఇంటర్వ్యూకి ముందురోజు మా ఊరికి వచ్చే ఆఖరి జీపు తప్పిపోతే, రాత్రంతా నాతో పాటు బస్టాండులో చలిలో కూర్చుని, తెల్లారి పాడేరు బస్సెక్కించింది ఆయనే. ఆ కండక్టరు మీద కూడా అనుమానమే, "పాడేరు పోతుందా నిజంగా? నువ్వు ముందెప్పుడైనా వెళ్ళావా?" అని. మా నాన్న పోయినప్పుడు కొండెక్కి వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. ఇవన్నీ నేను మరచిపోయేవి కావు. అందుకే ఆయనింటికి వెళ్తూనే ఉండేదాన్ని. వెళ్ళి, బొమ్మకి వీపు పెట్టి కూర్చునేదాన్ని. ఆయన కుర్చీని దానికి ఎదురుగా వేసేవారు, నేను తిప్పేసుకునేదాన్ని. "చూశావా?" అనేవారు అప్పుడప్పుడూ. "ఏటి?" అనేదాన్ని. "ఏం లేదు" అనేవారు. నా గురించి ఇంత చేస్తున్న మనిషి ఆ ఒక్క మాట ఎందుకు అనడు? దొంగని కూడా దయతలిచి చేరదీశానని లోపల అనుకుంటున్నాడా? ఆయన చేసిన ఒక్కొక్క మంచి పనినీ నేను బస్తా అడుగున గింజల్లా పైకి తీసి కొరికి చూసుకునేదాన్ని.

చివరిసారి వెళ్ళినప్పుడు ఆయనకి కళ్ళు దాదాపు కనబడడం లేదు. నా గొంతు పోల్చుకుని, "ఆ పసుపు ఇంకా తడిగానే ఉందా?" అని అడిగారు. బొమ్మకేసి చూడకుండానే, "ఎప్పుడో ఎండిపోయింది మాస్టారూ" అన్నాను. "ఎండిపోయిందా... సరే" అని కళ్ళు మూసుకున్నారు. పోయేముందు కూడా నన్ను వదల్లేదీ పసుపు గొడవ అనుకుంటూ బయటికొచ్చాను. అదే ఆఖరు.

పెద్దకర్మ అయిన మర్నాడు అమ్మగారు కబురు పెట్టారు. చుట్టాలంతా కొండ దిగి వెళ్ళిపోయారు. ఆవిడ ఒక్కతే గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

"ఆ బొమ్మ దించుకు పట్టుకుపోవే. నీకిమ్మన్నారు."

"నాకెందుకమ్మగారూ?" అన్నాను. అనుమానంగానే అన్నాను. సావుకారు కొడుకు అడిగినా ఇవ్వని బొమ్మ. "మీ తమ్ముడుగారికో, సావుకారింటికో ఇవ్వండి. నాకొద్దు."

"వద్దంటాదనే సెప్పేరు. అయినా ఇమ్మన్నారు."

ఆవిడ మాట కాదనలేక స్టూలెక్కాను. ఫ్రేమ్ మేకు నుంచి ఎత్తగానే, వెనకనుంచి ఏదో జారి నేల మీద టిక్కుమని పడింది. దిగి తీశాను. రేకు ట్యూబు. తోక నుంచి మెడ దాకా చుట్టచుట్టి, లోపల చుక్క కూడా మిగలకుండా పిండేసి, అట్టలా నొక్కేసి ఉంది. మూతి దగ్గర పసుపు పెచ్చు.

"ఇదేటమ్మగారూ?"

"అదా? గోడ వంకర కదే, బొమ్మ ఓ పక్కకి ఒరిగిపోతందని ఎనకాల అడ్డం పెట్టేరు."

"అది కాదు. ఇది ఏ ట్యూబు?"

ఆవిడ నాకేసి వింతగా చూసింది. "ఏ టూబేటే, అదే. నీ మీద పడ్డాది."

ఆవిడే చెప్పుకుపోయింది. సెలవుల్లో విశాఖపట్నంలో ఉండగా ఒక సాయంత్రం గట్టి వాన పడింది. చలికాలం నుంచి మడిచే ఉన్న గొడుగుని మాస్టారు పూల మార్కెట్ వీధి మధ్యలో విప్పారు. విప్పగానే లోపల్నుంచి ఈ ట్యూబు ఆయన కాలి మీద పడింది. బల్ల మీద పెట్టె, బల్ల అంచున గొడుగు. ఎప్పుడో దొర్లి దాని మడతల్లోకి జారిపోయింది. "అలాగే వానలో నిలబడిపోయేరే. గొడుగు పట్టుకునీ తడిసిపోయేరు. 'ఆ పిల్ల వేళ్ళు వాసన చూశానే నేను' అనీసి ఒకటే మాట. ఆ రాత్రి అన్నం ముట్టలేదు."

"మరి నాకెందుకు చెప్పలేదు?" అని అరిచాను. చావింట్లో ఉన్నానని కూడా మరచిపోయి అరిచాను.

"సెప్పలేదేటి? నిన్ను బొమ్మ సూడ్డానికి పిలిసిన రోజునే కదా సెప్పేరు! నేను కాఫీ తెచ్చేసరికి నువ్వెల్లిపోయేవు. 'ఏటైంది, సెప్పేరా?' అనడిగితే 'చెప్పేశాను' అన్నారు. సెప్పేరు కాబట్టే నువ్వు మల్లీ ఈ గడప తొక్కుతున్నావనుకున్నాను ఇన్నాళ్ళూనూ."

నేను ఇంకా నమ్మలేదు. నా బుద్ధి అలాంటిది. ఓదార్చడానికి కట్టి చెప్తోందేమోనని బొమ్మని వెనక్కి తిప్పాను. వెనకంతా గుడ్డ శుభ్రంగా ఉంది. పల్చటి రంగులు ఇవతలికి ఊరలేదు. ఆ మూల ఒక్కచోట మాత్రం అరచెయ్యంత గోధుమరంగు నూనె మరక. ముందువైపు బుట్ట ఎక్కడుందో సరిగ్గా అక్కడే. ఆవగింజంత చాలన్న మనిషి, పాల చుక్క గోరు మీద నిలబెట్టుకునే మనిషి, ట్యూబంతా తెచ్చి నా బుట్టలో పిండేశారు. అమ్మగారి పక్కన కూర్చుని ఏడ్చాను. ఏడుస్తూనే తిట్టాను కూడా. ఒక్క మాట మాస్టారూ, ఒక్క మాట నోటితో అనేస్తే మీ సొమ్మేం పోయేది? అందరికీ విప్పి చెప్పారు కదా, కనకాంబరమేమిటో, బంతేమిటో. నా దగ్గరికొచ్చేసరికి కిటికీలోంచి చూశారు.

దుప్పట్లో మూట కట్టి షేర్ ఆటోలో తెచ్చాను. "ఏటది, టీవీయా? ఎక్కడ కొన్నావు?" అని ఆటోలో అందరికీ అనుమానమే. దారికి రెండువైపులా వలిసె పూసి ఉంది. మూటని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఇంటికొచ్చాక అరుగు మీద గోడకి ఆనించి పెట్టాను. మా అమ్మ కర్ర పట్టుకుని వచ్చి, మొహం దగ్గరగా పెట్టి చూసింది. "వలిసి పువ్వు ఎవుడు కొంతాడే? ఆ మేస్టరికి మతి లేదు" అని, మళ్ళీ కొంచెం వంగి, "ఇది నా నూనె కదేటి" అంది. విషయం చెప్పాను. కర్ర పక్కన పెట్టి కూర్చుని, "అందుకేనన్నమాట, ఆ రోజు నా మొకం సూడ్లేదు" అంది.

నేను వాకిట్లోకి, కాఫీ మొక్కల దాకా వెళ్ళి, కళ్ళు సగం మూసి, రెండోసారి చూశాను. తరవాత దగ్గరికొచ్చాను. బుట్ట మధ్యలో ఒక గుంట, గుంట నిండా ఏళ్ళనాటి దుమ్ము. తడి గుడ్డ కొసతో మెల్లగా తుడిస్తే అడుగున సన్నటి గీతలు తేలాయి. పదిహేనేళ్ళ పిల్ల వేలిముద్ర. ఒక్క చుక్క నచ్చకపోతే గీకి మళ్ళీ వేసే మనిషి దాని మీద కుంచె పెట్టలేదు. నా వేలు అందులో పెట్టి చూశాను, ఇప్పుడు పట్టలేదు.